మార్కర్లు బాగున్నాయన్నారు, మరి చంకలోకి ఎలా వెళ్లింది?

ప్రశ్న (రాసింది: అక్క కోసం)

అందరికీ నమస్కారం. మా అక్కకి 47 ఏళ్లు. ఎడమ రొమ్ములో గడ్డకి ఆపరేషన్ జరిగి ఇవాళ్టికి పదకొండు రోజులు. రొమ్ము మొత్తం తీయలేదు. గడ్డనీ దాని చుట్టూ కాస్త భాగాన్నీ తీసి, చంకలో మూడు గ్రంథులు తీసి పరీక్షకి పంపారు. నిన్న రిపోర్ట్ వచ్చింది. రాత్రంతా అదే చదువుతూ కూర్చున్నాను. ఒక్కో లైను కంఠతా వచ్చేసింది కానీ అర్థం మాత్రం కాలేదు.

ఉన్నది ఉన్నట్టు రాస్తాను. గడ్డ 2.3 సెం.మీ., గ్రేడ్ 2. ఈఆర్ 90 శాతం, పీఆర్ 40 శాతం. హెర్2 2+, ఫిష్ పరీక్ష ఫలితం రావాలి. కేఐ-67 22 శాతం. లింఫోవాస్కులర్ ఇన్వేజన్ ఉంది. సెంటినల్ నోడ్స్ మూడింటిలో ఒకదాంట్లో 4 మి.మీ. మెటాస్టాసిస్. గ్రంథి గోడ దాటి బయటికి రాలేదు.

బయాప్సీ అప్పుడే డాక్టర్ గారు "హార్మోన్ పాజిటివ్, మందులకి బాగా లొంగే రకం" అన్నారు. స్కానింగ్‌లో చంకలో అనుమానంగా ఏమీ లేదన్నారు. ఆ రెండు మాటలూ పట్టుకునే ఇంట్లో అందరం ధైర్యంగా ఉన్నాం. నిన్న అక్క రిపోర్ట్ చూసి ఒకే ఒక్కటి అడిగింది. "మంచి రకమే అయితే చంకదాకా ఎందుకు వెళ్లిందే?" ఏం చెప్పాలో తెలియక మంచినీళ్లు తెస్తానని లేచి వెళ్లిపోయాను.

మెటాస్టాసిస్ అన్న మాట చూసినప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్. అంటే ఇది నాలుగో స్టేజా? ఒక గ్రంథిలో ఉందని తెలిశాక కూడా సర్జన్ గారు మిగతా గ్రంథులు తీయక్కర్లేదు అంటున్నారు. అలా వదిలేస్తే ఎలా? హెర్2 2+ అంటే ఉన్నట్టా, లేనట్టా? డాక్టర్ గారిని కలవడానికి ఇంకా ఆరు రోజులుంది. తెలిసినవాళ్లు ఎవరైనా కొంచెం విడమరిచి చెప్పగలరా?

జవాబు (రాసింది: స్లైడ్ల గది)

నేను పాథాలజిస్ట్‌ని. పదహారేళ్లుగా ఎక్కువగా రొమ్ము స్లైడ్లే చూస్తున్నాను. మీ అక్కగారికి ఏ చికిత్స సరిపోతుందో ఇక్కడి నుంచి చెప్పలేను, అది ఆవిణ్ని చూస్తున్న డాక్టర్లే చెప్పాలి. రిపోర్ట్‌లో ఉన్న మాటలకి అర్థం మాత్రం చెప్పగలను.

ముందు ఆ నాలుగో స్టేజ్ భయం పక్కన పెట్టండి. చంక గ్రంథిలో కనపడినంత మాత్రాన నాలుగో స్టేజ్ అవదు. ఎముకలు, కాలేయం, ఊపిరితిత్తులు, మెదడు లాంటి దూరపు చోట్లకి చేరినప్పుడే ఆ పేరు పెడతాం. రొమ్ము నుంచి లింఫ్ ద్రవం ఎక్కువగా పోయి చేరేది చంకలోకే కాబట్టి ఆ గ్రంథుల్ని రొమ్ముతో కలిపే లెక్కేస్తాం. మెటాస్టాసిస్ అనే మాటని రెండిటికీ వాడతాం, అందుకే ఇంటికి రిపోర్ట్ తీసుకెళ్లినవాళ్లు హడలిపోతారు. రాసేది మేమే కాబట్టి ఆ భయం చూసినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది.

ఇప్పుడు మీ అక్కగారి ప్రశ్న. అది చాలా మంచి ప్రశ్న, దానికి సరైన జవాబు ఆవిడకి అందాలి.

మార్కర్లంటే కణం గుణాన్ని చెప్పే గుర్తులు. ఈఆర్, పీఆర్ అంటే ఈస్ట్రోజన్, ప్రొజెస్టరాన్ హార్మోన్లని పట్టుకునే రిసెప్టర్లు, హెర్2 అంటే కణాన్ని పెరగమని తొందరపెట్టే ప్రోటీన్, కేఐ-67 అంటే ఎన్ని కణాలు విభజనలో ఉన్నాయో చెప్పే అంకె. ఈఆర్ రంగు వేసిన స్లైడ్ మైక్రోస్కోప్ కింద ఎలా ఉంటుందో చెబుతాను. రిసెప్టర్ లేని కణాల కేంద్రకాలు లేత నీలంగా ఉంటాయి. ఈస్ట్రోజన్‌ని పట్టుకునే రిసెప్టర్ ఉన్న కేంద్రకం గోధుమ రంగుకి తిరుగుతుంది. 90 శాతం అంటే వంద క్యాన్సర్ కణాలు లెక్కపెడితే తొంభై గోధుమ రంగులో ఉన్నాయని. ఒక్క శాతం ఉన్నా పాజిటివ్ అనే రాస్తాం (1 నుంచి 10 దాకా ఉంటే తక్కువ పాజిటివ్ అని విడిగా చెబుతాం), కాబట్టి 90 అంటే గట్టి పాజిటివ్. ఆ కణం దేని మీద ఆధారపడి పెరుగుతోందో, ఆ ఆధారాన్ని ఏ మందుతో తీసేయొచ్చో ఆ రంగు చెబుతుంది. ఆ కణం ఇప్పటికే ఎంత దూరం నడిచిందో చెప్పడం దాని పని కాదు.

గ్రంథిలోకి వెళ్లడం వేరే సంగతి. రొమ్ములో రక్తనాళాలతో పాటు చాలా పల్చటి గోడలున్న లింఫ్ నాళాలుంటాయి. గడ్డ అంచున కొన్ని కణాలు ఆ నాళంలోకి జారితే ద్రవంతో పాటే చంకకి కొట్టుకుపోతాయి. మీ రిపోర్ట్‌లో లింఫోవాస్కులర్ ఇన్వేజన్ అని ఉన్నది ఇదే. స్లైడ్ మీద చూస్తే సన్నటి ఖాళీ గొట్టంలో నాలుగైదు కణాలు గుంపుగా ఇరుక్కుని ఉంటాయి. ఈ ప్రయాణానికి సాయపడే అణువులు కూడా కొన్ని తెలుసు. వీఈజీఎఫ్-సీ అనే ప్రోటీన్ కొత్త లింఫ్ నాళాలు మొలిచేలా చేస్తుంది. రొమ్ము క్యాన్సర్ కణాల మీద సీఎక్స్‌సీఆర్4 అనే రిసెప్టర్ ఉంటుందనీ, దాన్ని పిలిచే రసాయనం లింఫ్ గ్రంథుల్లో, ఊపిరితిత్తుల్లో, కాలేయంలో, ఎముక మజ్జలో ఎక్కువగా తయారవుతుందనీ 2001లో నేచర్ పత్రికలో వచ్చింది. వీటిని మేం రోజువారీ రిపోర్టుల్లో పరీక్షించం. మేం రాసే నాలుగు మార్కర్లూ వేరు, కణాన్ని గ్రంథిదాకా నడిపించేవి వేరు.

హార్మోన్ పాజిటివ్ గడ్డలు గ్రంథుల్లోకి వెళ్లడం అరుదేం కాదు. రొమ్ము క్యాన్సర్లలో నాలుగింట మూడొంతుల దాకా హార్మోన్ పాజిటివే, కాబట్టి గ్రంథుల్లో మేం చూసే క్యాన్సర్లలో కూడా ఆ రకమే ఎక్కువ. ట్రిపుల్ నెగటివ్ (ఈఆర్, పీఆర్, హెర్2 మూడూ లేనిది) మొండి రకమే అయినా, గడ్డ సైజుని బట్టి ఊహించినన్ని గ్రంథుల్లో చాలాసార్లు కనపడదు. అందుకే "మంచి రకం" అన్న మాట నాకు నచ్చదు. డాక్టర్ గారు అన్నట్టు "మందులకి లొంగే రకం" అనడమే సరైనది. అది నిన్న ఎంత నిజమో ఇవాళ కూడా అంతే నిజం. గ్రంథిలో దొరికిన ఆ 4 మి.మీ. గుంపుకి కూడా చాలామటుకు అదే గుణం ఉంటుంది.

4 మి.మీ. గురించి. సెంటినల్ నోడ్ అంటే రొమ్ము నుంచి లింఫ్ మొదట చేరే గ్రంథి, దాన్ని వెతకడానికి సర్జన్ నీలం రంగు వేస్తారు. ఆ రంగెక్కిన గ్రంథి మా బల్ల మీదకి వచ్చేసరికి చిన్న చిక్కుడు గింజంత ఉంటుంది. చుట్టూ కొవ్వు వలిచి, 2 మి.మీ. మందాన ముక్కలు కోస్తాం. అలా ఎందుకంటే 2 మి.మీ. కన్నా పెద్ద గుంపు ఏ ముక్కలోనూ తప్పించుకోకూడదని. నేను ముందు చూసేది గ్రంథి పైపొర కిందున్న సన్నటి ఖాళీని. వచ్చిన కణాలు మొదట ఆగేది అక్కడే. 0.2 మి.మీ. లోపు ఉంటే విడి కణాలంటాం, గ్రంథిని నెగటివ్‌గానే లెక్కేస్తాం. 0.2 నుంచి 2 దాకా మైక్రో మెటాస్టాసిస్. 2 దాటితే మాక్రో. మీ అక్కగారిది మాక్రో, అందులోనూ చిన్నది, గోడ దాటనిది.

మిగతా గ్రంథులు ఎందుకు వదిలేశారంటే, అది నిర్లక్ష్యం కాదు. అమెరికాలో జడ్0011 అనే ట్రయల్ జరిగింది. గడ్డ 5 సెం.మీ. లోపు ఉండి, చేతికి గ్రంథులు తగలకుండా, ఒకటీ రెండూ సెంటినల్ గ్రంథుల్లో క్యాన్సర్ ఉన్నవాళ్లు 891 మంది. అందరికీ గడ్డ వరకే తీసి రొమ్ముకి రేడియేషన్ ఇచ్చారు. సగం మందికి చంక గ్రంథులన్నీ తీశారు, మిగతావాళ్లకి తీయలేదు. అన్నీ తీసినవాళ్లలో 27 శాతం మందికి మిగతా గ్రంథుల్లో కూడా క్యాన్సర్ దొరికింది. అంటే తీయనివాళ్లలోనూ ఇంచుమించు అంతమందికి లోపల ఉండే ఉంటుంది. అయినా పదేళ్ల తర్వాత చూస్తే బతికున్నవాళ్లు తీయని వైపు 86.3 శాతం, తీసిన వైపు 83.6 శాతం. చంకలో మళ్లీ రావడం రెండు వైపులా 2 శాతం లోపే. మిగిలిన కణాల పని రేడియేషన్, మందులు చూసుకున్నాయి. ఆ మందులేమిటో చెప్పేది మళ్లీ మార్కర్లే. అన్నీ తీస్తే జీవితాంతం చెయ్యి వాచే ప్రమాదం పెరుగుతుంది, దాన్ని తప్పించడానికే మీ సర్జన్ గారు ఆగారు.

హెర్2 2+ అంటే ఇంకా తేలలేదని. కణం చుట్టూ గోడ వెంబడి గోధుమ గీత పడుతుంది. గీత ముదురుగా, తెగకుండా గొలుసులా ఉంటే 3+, అది పాజిటివ్. 0, 1+ నెగటివ్. 2+లో గీత చుట్టూ తిరుగుతుంది గానీ లేతగా ఉంటుంది. కంటితో తేల్చలేం కాబట్టి జన్యువునే లెక్కపెట్టే ఫిష్ పరీక్షకి పంపుతాం. రేషియో (హెర్2 కాపీలకీ, అది ఉండే క్రోమోజోమ్ కాపీలకీ మధ్య నిష్పత్తి) 2 లేదా అంతకన్నా ఎక్కువ ఉండి, కణానికి సగటున హెర్2 కాపీలు నాలుగో ఆపైనో ఉంటే పాజిటివ్.

ఈ హెర్2 కథకీ గ్రంథులకీ పాత సంబంధం ఉంది. 1987లో డెన్నిస్ స్లామన్ బృందం సైన్స్ పత్రికలో రాసినప్పుడు, హెర్2 జన్యువు కాపీలు పెరిగిన గడ్డలు త్వరగా తిరగబెడుతున్నాయన్న సంగతి ముఖ్యంగా బయటపడింది గ్రంథులు పాజిటివ్ ఉన్న ఆడవాళ్లలోనే. అప్పుడు అది వట్టి చెడ్డవార్త. 1998లో ట్రాస్టుజుమాబ్ వచ్చాక అదే మార్కర్ చికిత్సకి దారి అయింది. ఫిష్ పాజిటివ్ వచ్చినా దానికి మందు ఉంది, నెగటివ్ వస్తే ఆ మందు అక్కర్లేదు. ఎటు వచ్చినా కంగారు పడకండి.

జవాబు (రాసింది: రెండో ఏడు)

చెల్లీ, నాది సరిగ్గా మీ అక్కకి తిరగేసిన రిపోర్ట్. గడ్డ 1.8 సెం.మీ., గ్రంథులు నాలుగు తీస్తే నాలుగూ క్లీన్. ఈఆర్, పీఆర్, హెర్2 మూడూ నెగటివ్, కేఐ-67 70 శాతం. గ్రంథుల్లో లేదనగానే మా ఆయన ఫోన్‌లో అందరికీ "అయిపోయింది, ఏమీ లేదు" అని చెప్పేశారు. వారం తర్వాత కీమో అన్నారు. గ్రంథుల్లో లేనప్పుడు కీమో ఎందుకని నేను ఏడ్చాను. నా డాక్టర్ గారు అప్పుడు చెప్పింది ఇప్పటికీ గుర్తుంది. "గ్రంథుల లెక్క ఇప్పటిదాకా ఏం జరిగిందో చెబుతుంది, ఇకముందు ఏం చేయగలదో గడ్డ గుణం చెబుతుంది. నేను రెండూ చూసి మందు రాయాలి." కీమో అయిపోయి ఏడాది దాటింది. ఇప్పుడు బాగున్నాను.

ఇంకో రెండు సంగతులు, డాక్టర్లు చెప్పడం మరిచిపోతారు. ఆపరేషన్ అయిన మర్నాడు మూత్రం ఆకుపచ్చగా, నీలంగా వచ్చి ఉంటే అది గ్రంథి వెతకడానికి వేసిన రంగే, ఒకటి రెండు రోజుల్లో పోతుంది. నేను దాన్ని చూసి కిడ్నీలు పోయాయనుకున్నాను. రెండోది, చెయ్యి కదపకుండా ఒంటికి అదిమి పెట్టుకుని ఉంటే భుజం బిగుసుకుపోతుంది. ఫిజియోథెరపిస్ట్ చెప్పిన వ్యాయామాలు సర్జన్ గారు సరేనన్న రోజు నుంచే మొదలుపెట్టించు. నేను గోడకి వేళ్లు ఆనించి పైకి పాకించేదాన్ని, రోజూ ఎంతవరకు అందిందో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టేదాన్ని.

మళ్లీ రాసింది: అక్క కోసం (ఎనిమిది రోజుల తర్వాత)

అందరికీ చాలా థాంక్స్. డాక్టర్ గారూ, మీరు రాసింది అక్కకి మొత్తం చదివి వినిపించాను. "కణం దేని మీద పెరుగుతోందో వేరు, ఎంత దూరం నడిచిందో వేరు" అన్న చోట ఆపి మళ్లీ చదవమంది. రెండో ఏడు అక్కా, ఆ ఆకుపచ్చ సంగతి మీరు ముందే చెప్పి ఉంటే బాగుండేది, మేం నిజంగానే ఆ రాత్రి నర్సుని పరుగులు పెట్టించాం.

ఫిష్ వచ్చింది. రేషియో 1.2, సగటు కాపీలు 2.4, నెగటివ్ అన్నారు. నిన్న డాక్టర్ గారిని కలిశాం. 21 జన్యువుల పరీక్ష చేయిద్దాం, అయితే స్కోర్ తక్కువ వచ్చినా మీ అక్కకి నెలసరి ఆగలేదు కాబట్టి కీమో గురించి మాట్లాడుకోవాలి అన్నారు. తక్కువ వచ్చినా కీమో అయితే పరీక్ష ఎందుకో నాకు అర్థం కాలేదు, అక్కడ అడగడానికి నోరు రాలేదు. ఇంకొకటి, గ్రంథిలో ఉన్న క్యాన్సర్‌కి కూడా మార్కర్లు విడిగా చేయించాలా?

జవాబు (రాసింది: కీమో వార్డు)

నేను మెడికల్ ఆంకాలజీలో పనిచేస్తున్నాను. మీ డాక్టర్ గారు సరిగ్గానే చెప్పారు, ఎందుకో చెబుతాను.

ఆ పరీక్షలో క్యాన్సర్‌కి సంబంధించిన 16 జన్యువులు, పోల్చుకోవడానికి 5 జన్యువులు చూసి 0 నుంచి 100 మధ్య స్కోర్ ఇస్తారు. గ్రంథుల్లో లేనివాళ్లకి అది ఎలా ఉపయోగపడుతుందో 2018లో టైలరెక్స్ ట్రయల్ చూపించింది. మీ అక్కగారిలా ఒకటి నుంచి మూడు గ్రంథులు పాజిటివ్ ఉన్నవాళ్ల కోసం జరిగింది ఆర్ఎక్స్‌పాండర్. ఫలితాలు 2021లో పూర్తిగా అచ్చయ్యాయి. స్కోర్ 25 లోపు ఉన్నవాళ్లలో సగం మందికి కీమో, హార్మోన్ చికిత్స రెండూ ఇచ్చారు, సగం మందికి హార్మోన్ చికిత్స ఒక్కటే. నెలసరి ఆగిపోయినవాళ్లలో కీమో వల్ల తేడా రాలేదు. ఐదేళ్లకి జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవాళ్లు కీమోతో 91.3 శాతం, లేకుండా 91.9. నెలసరి ఉన్నవాళ్లలో మాత్రం కీమోతో 93.9, లేకుండా 89.0. దాదాపు 5 శాతం తేడా.

ఈ తేడా కీమో క్యాన్సర్ కణాల్ని చంపడం వల్లా, లేక కీమోతో అండాశయాలు ఆగిపోయి ఈస్ట్రోజన్ తగ్గడం వల్లా అన్నది ఇంకా వాదనలోనే ఉంది. నా అభిప్రాయం అడిగితే రెండోదాని వాటా చాలా ఉంది. అందుకే అండాశయాల పని ఆపే ఇంజెక్షన్లు, హార్మోన్ మాత్రల గురించి కూడా తప్పకుండా అడగండి. ఇక పరీక్ష ఎందుకంటే, స్కోర్ 26 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే కీమో వైపు సందేహం ఉండదు. బాగా తక్కువ వస్తే మాట్లాడుకోవడానికి చోటుంటుంది. మీ అక్కగారు తన నిర్ణయం తాను తీసుకోవడానికి ఆ అంకె పనికొస్తుంది.

గ్రంథుల లెక్క ఇంకో చోట కూడా వాడతాం. హార్మోన్ మాత్రలతో పాటు ఇచ్చే అబెమాసిక్లిబ్‌ని నాలుగు అంతకన్నా ఎక్కువ గ్రంథులుంటే, లేదా ఒకటి నుంచి మూడు ఉండి గ్రేడ్ 3 (కణాలు మామూలు కణాలకి బాగా భిన్నంగా ఉన్న రకం) గానీ 5 సెం.మీ. లేదా అంతకన్నా పెద్ద గడ్డ గానీ ఉంటే ఆలోచిస్తాం. మీ అక్కగారు అందులోకి రారు. అలాంటిదే ఇంకో మందు రైబోసిక్లిబ్‌కి హద్దులు కొంచెం విశాలంగా ఉన్నాయి, ఒక గ్రంథి ఉన్నవాళ్లు కూడా వస్తారు. దాని గురించి అడిగి చూడండి.

నోరు రాలేదన్నారు. ప్రశ్నలు కాగితం మీద రాసుకెళ్లి మా చేతికే ఇచ్చేయండి. మాకు అది ఇబ్బంది కాదు, నిజంగా సాయం.

జవాబు (రాసింది: స్లైడ్ల గది)

గ్రంథి మార్కర్ల గురించి అడిగారు కదా. ఎక్కువమందిలో గడ్డలో ఉన్నవే గ్రంథిలోనూ ఉంటాయి, అందుకే అందరికీ మళ్లీ చేయం. గ్రంథిలో కణాలు గడ్డలో కణాల్లా కనపడకపోతే, లేదా గడ్డలో ఒక చోట హెర్2 ముదురుగా, ఇంకో చోట అసలు లేకుండా ఉంటే అప్పుడు గ్రంథిని కూడా పరీక్షిస్తాం. కావాలంటే మీ పాథాలజిస్ట్‌ని "రెండు చోట్లా కణాలు ఒకేలా ఉన్నాయా" అని అడిగించండి. ఐదు నిమిషాల్లో స్లైడ్ తీసి చూసి చెప్పగలరు. ఎన్నేళ్ల తర్వాతైనా దూరంగా ఎక్కడైనా తిరగబెడితే మాత్రం అక్కడి ముక్కకి మార్కర్లు మళ్లీ చేయించి తీరాలి, మారే అవకాశం ఉంది.

కేఐ-67 22 శాతం గురించి అతిగా ఆలోచించకండి. 5 లోపు, 30 పైన అయితే నమ్మకంగా చెప్పొచ్చు. ఆ మధ్యలో ఒకే స్లైడ్‌ని ఇద్దరం లెక్కపెడితే నాకు 18, పక్కవాళ్లకి 25 రావచ్చు. ఈ అంకె పట్టుకుని నిద్ర మానుకున్నవాళ్లని చూశాను. దానికంటే జన్యువుల స్కోర్‌కే ఎక్కువ బరువివ్వండి.

ఇంకో మాట. 2018 నుంచి వాడుతున్న స్టేజింగ్ పద్ధతిలో గడ్డ సైజు, గ్రంథుల లెక్కతో పాటు గ్రేడ్, ఈఆర్, పీఆర్, హెర్2 కూడా కలిపి స్టేజ్ వేస్తారు. సైజు, గ్రంథి మాత్రమే చూస్తే వచ్చే స్టేజ్ కన్నా హార్మోన్ పాజిటివ్ వాళ్లకి చాలాసార్లు కిందికి దిగుతుంది. మీ కాగితం మీద రెండు రకాల స్టేజ్‌లు రాసి ఉంటే తప్పు రాశారనుకోకండి.

మళ్లీ రాసింది: అక్క కోసం (నెల తర్వాత)

మీకు చెప్పాలనిపించింది. స్కోర్ 17 వచ్చింది. ఈసారి ప్రశ్నలన్నీ అక్కే తన చేత్తో రాసుకుంది, అండాశయాల ఇంజెక్షన్ల గురించి, రైబోసిక్లిబ్ గురించి, గ్రంథిలో కణాలు గడ్డలో కణాల్లాగే ఉన్నాయా అని. ఒకేలా ఉన్నాయని పాథాలజీ నుంచి చెప్పించారు. ఇంజెక్షన్లతో సరిపెట్టే దారి, కీమో దారి, రెండూ డాక్టర్ గారు అంకెలతో వివరించారు. అక్క రెండు రోజులు ఆలోచించి కీమో చేయించుకుంటానంది. నాలుగు సైకిళ్లు, తర్వాత రేడియేషన్, ఆ పైన హార్మోన్ మందులు. మొదటిది సోమవారం.

రెండో ఏడు అక్కా, మా గోడ మీద కూడా పెన్సిల్ గీతలు పడ్డాయి. నిన్నటి గీత తన తలకంటే జానెడు పైన ఉంది.